బడి గంట మ్రోగిన తరువాత

వ్యాకరణము, తర్కము, వక్తృత్వము: మధ్యయుగపు ఐరోపాలోని క్రైస్తవ విద్యాలయములలో చదువునకు పునాదులు ఈ మూడే. వీనిలో మూడవదానికి మన ఉన్నత పాఠశాలలలో చోటు మిగిలినది సాయంకాలపు వక్తృత్వ సంఘముననే.

తరగతిలో లభింపనిది వెలుపల లభించుట సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతములకు క్రొత్త కాదు. 1931లో హనుమాజీపేటలో జన్మించిన సి. నారాయణరెడ్డిగారు సిరిసిల్లలో చదివినది ఉర్దూ మాధ్యమమున. బాల్యమున వారి మనస్సు నాకర్షించినవి హరికథలు, జంగము కథలు, జానపద గేయములు.

అయితే మన సంఘములలో తరచు గొంతు గల నలుగురే మాటలాడుదురు, తక్కినవారు చప్పట్లకే. ఎవరిది ఏ పక్షమో చీటీలు వేసి నిర్ణయింపవలెను. తనకు నచ్చని వాదమును సమర్థింపవలసిన బాలుడు ఎదుటివాని మాట వినక తప్పదు. సభాపిరికితనము గల బాలికకు మొదట రెండు నిమిషములు చాలును. బహుమతులా? అవి ఏడాదికొక్కసారి చాలును.