ఐ.ఎన్.ఎస్. కురుసుర

ఐ.ఎన్.ఎస్. కురుసుర (ఎస్-20) భారత నౌకాదళంలో 1969 నుండి 2001 వరకు సేవలందించిన జలాంతర్గామి. సోవియట్ యూనియన్‌లో నిర్మించబడిన ఈ నౌక 1971 భారత్-పాకిస్తాన్ యుద్ధ సందర్భంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగినది. సేవల నుండి విరమించిన తరువాత దీనిని విశాఖపట్నంలోని రామకృష్ణా బీచ్‌కు చేర్చి ప్రదర్శనశాలగా మార్చారు. దక్షిణ ఆసియాలో ఇది మొట్టమొదటి జలాంతర్గామి ప్రదర్శనశాల. లోపలి యంత్రసామగ్రి చాలావరకు యథాతథంగా ఉండుట, విశ్రాంత నావికులు స్వయంగా సందర్శకులకు వివరించుట దీని ప్రత్యేకతలు.

నేపథ్యము

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత దాదాపు రెండు దశాబ్దాల వరకు భారత నౌకాదళంలో జలాంతర్గాములు లేవు. మొదటి తరం సిబ్బందిలో కొందరు బ్రిటన్‌లోను, తరువాత సోవియట్ యూనియన్‌లోను శిక్షణ పొందారు. సోవియట్ యూనియన్ నుండి కొనుగోలు చేసిన మొదటి జలాంతర్గామి ఐ.ఎన్.ఎస్. కల్వరి 1967 డిసెంబర్ 8న రీగా నగరంలో (నేటి లాట్వియా రాజధాని) నౌకాదళంలో చేరినది. ప్రతి సంవత్సరం డిసెంబర్ 8వ తేదీని నౌకాదళంలో జలాంతర్గామి దినోత్సవంగా జరుపుకొనుటకు కారణం ఇదే. కల్వరి తరువాత ఖండేరి, కరంజ్ వచ్చాయి. ఈ వరుసలో నాలుగవది కురుసుర.

కురుసుర 1969 డిసెంబర్ 18న రీగాలోనే నౌకాదళంలో చేర్చబడినది. దీని మొదటి అధిపతి కమాండర్ అరుణ్ ఆడిట్టో. 1970 ఫిబ్రవరి 20న స్వదేశానికి బయలుదేరిన ఈ నౌక మార్గమధ్యంలో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్, స్పెయిన్‌లోని లా కోరూన్యా, ఘనాలోని టకొరాడి, మారిషస్ రేవులలో ఆగినది. 1967 యుద్ధం తరువాత సూయజ్ కాలువ మూతపడి ఉన్నందున ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావలసి వచ్చినది.

ఈ కాలంలోనే విశాఖపట్నం దేశంలో జలాంతర్గాములకు ప్రధాన కేంద్రంగా రూపొందినది. జలాంతర్గాముల స్థావరమైన ఐ.ఎన్.ఎస్. వీరబాహు 1971లో ఇక్కడ ప్రారంభమైనది. వీటి సిబ్బందికి శిక్షణ ఇచ్చే ఐ.ఎన్.ఎస్. శాతవాహన కూడా ఇదే నగరంలో కలదు.

నిర్మాణము

కురుసుర సోవియట్ ప్రాజెక్ట్ 641 తరగతికి చెందినది. పాశ్చాత్య దేశాలు ఈ తరగతిని 'ఫాక్స్‌ట్రాట్' అని పిలిచేవి. 1962 క్యూబా క్షిపణి సంక్షోభంలో సోవియట్ నౌకాదళం పంపిన నాలుగు జలాంతర్గాములు ఈ తరగతివే.

కురుసుర ముఖ్య వివరాలు ఇవి:

పొడవు: 91.3 మీటర్లు
వెడల్పు: 7.5 మీటర్లు
బరువు: నీటిపై 1,950 టన్నులు, మునిగినపుడు 2,475 టన్నులు
వేగం: నీటిపై గంటకు 16 నాటికల్ మైళ్ళు (సుమారు 30 కి.మీ.), నీటి లోపల 15 నాటికల్ మైళ్ళు
ఆయుధాలు: 10 టార్పెడో గొట్టాలు (ముందు 6, వెనుక 4), 22 టార్పెడోలు లేదా వాటికి బదులుగా 44 మందుపాతరలు
సిబ్బంది: 75 మంది (అధికారులు 8, నావికులు 67)

పనిచేయు విధానము

జలాంతర్గామికి రెండు పొరల కవచం ఉంటుంది. లోపలి పొర సముద్రపు ఒత్తిడిని తట్టుకొనే దృఢమైన ఉక్కు గొట్టం. మనుషులు, యంత్రాలు ఉండేది ఇందులోనే. లోపలి పొరకు, బయటి పొరకు మధ్య బ్యాలస్ట్ ట్యాంకులు ఉంటాయి. వీటిలోనికి సముద్రపు నీటిని అనుమతించినపుడు నౌక బరువెక్కి మునుగుతుంది. అధిక పీడనం గల గాలిని పంపి ఆ నీటిని బయటకు నెట్టినపుడు నౌక తేలికై పైకి వస్తుంది.

కురుసుర డీజిల్-ఎలక్ట్రిక్ పద్ధతిలో నడిచేది. డీజిల్ ఇంజన్లు పనిచేయుటకు గాలి అవసరం. కావున నీటి అడుగున అవి పనికిరావు. నౌక ఉపరితలం మీద ఉన్నపుడు, లేదా స్నార్కెల్ అనే గొట్టాన్ని నీటిపైకి చాచి గాలి పీల్చుకొనుచున్నపుడు ఇంజన్లు నడిచి బ్యాటరీలను నింపుతాయి. పూర్తిగా మునిగిన తరువాత ఆ బ్యాటరీల విద్యుత్తుతో మోటార్లు తిరుగుతాయి. అప్పుడు శబ్దం చాలా తక్కువ. శత్రువుకు దొరకకుండా ఉండుటకు నిశ్శబ్దమే ప్రధాన రక్షణ.

అయితే బ్యాటరీ శక్తికి పరిమితి ఉన్నది. వేగం పెంచిన కొద్దీ అది త్వరగా తరిగిపోతుంది. ఎంత లోతున ఉన్నా, ఎప్పుడో ఒకప్పుడు స్నార్కెల్ వేయుటకు పైకి రాక తప్పదు. ఆ సమయంలోనే శత్రువు కంట పడే ప్రమాదం ఎక్కువ. ఈ తరగతి నౌకల అధిపతులు బ్యాటరీలో మిగిలిన శక్తిని నిరంతరం లెక్కలో ఉంచుకొని నిర్ణయాలు తీసుకొనవలసి ఉండేది.

1971 యుద్ధము

1971 నవంబర్‌లో, భారత్-పాకిస్తాన్‌ల మధ్య ఉద్రిక్తత పెరిగిన దినాలలో, కురుసుర అరేబియా సముద్రంలో గస్తీకి వెళ్ళినది. నవంబర్ 18 వరకు తనకు కేటాయించిన మొదటి ప్రాంతంలోను, ఆ తరువాత నవంబర్ 25 వరకు మరొక ప్రాంతంలోను ఉన్నది. నవంబర్ 30న ఐ.ఎన్.ఎస్. కరంజ్‌ను సముద్రంలో కలిసి, ఆదేశాలను అందజేసి, డిసెంబర్ 4న బొంబాయి (నేటి ముంబై) చేరుకొన్నది. యుద్ధం అధికారికంగా ప్రారంభమైనది డిసెంబర్ 3న. అనగా కురుసుర గస్తీ దాదాపు అంతా యుద్ధానికి ముందు దినాలలోనే జరిగినది.

ఈ గస్తీకి రెండు నిబంధనలు ఉండేవి. నిర్దేశించిన నౌకా మార్గాలను దాటరాదు. ఎదుటి నౌక ఏదో నిర్ధారణగా గుర్తించిన తరువాతే దానిపై దాడి చేయవలెను. వాణిజ్య నౌకలపై దాడికి ప్రత్యేక ఆదేశం అవసరం. నీటి అడుగున ఉన్న జలాంతర్గామికి ఎదుటి నౌక మొదట ఒక శబ్దంగా మాత్రమే తెలుస్తుంది. ఆ శబ్దం యుద్ధనౌకదో, తటస్థ దేశపు సరుకు ఓడదో తేల్చుకొనుటకు దగ్గరకు వెళ్ళి పెరిస్కోప్ ద్వారా చూడవలసి రావచ్చు. ఈ నిబంధనల నడుమ రోజుల తరబడి వేచి ఉండుట, వినుట, నమోదు చేయుట కురుసుర నిర్వహించిన పని.

ఈ గస్తీలో కురుసుర ఏ నౌకనూ ముంచలేదు. కురుసుర తిరిగి వచ్చిన డిసెంబర్ 4వ తేదీ రాత్రే భారత క్షిపణి పడవలు కరాచీ రేవుపై దాడి చేశాయి. ఆ దాడి జ్ఞాపకార్థమే డిసెంబర్ 4న నౌకాదళ దినోత్సవం జరుగుతుంది. తూర్పున, డిసెంబర్ 3-4 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి పి.ఎన్.ఎస్. ఘాజీ విశాఖపట్నం సమీపంలో సిబ్బంది అందరితో సహా మునిగిపోయినది. ఇది ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ దాడి ఫలితమని భారత నౌకాదళం, ప్రమాదవశాత్తు జరిగిన విస్ఫోటనమని పాకిస్తాన్ పేర్కొన్నాయి. డిసెంబర్ 9న భారత యుద్ధనౌక ఐ.ఎన్.ఎస్. ఖుక్రీని పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ముంచివేసినది. ఆ కొద్ది రోజులలోనే జలాంతర్గామి ఎంతటి ప్రమాదకారియో, అందులోని వారికి ఎంతటి ప్రమాదం పొంచి ఉంటుందో ఇరు దేశాలకు తెలిసివచ్చినది.

తదుపరి సేవలు, విరమణ

1970 దశకం చివరి భాగంలో కురుసుర కార్యకలాపాలకు దూరంగా ఉండిపోయినది. దీని విడిభాగాలను ఇతర జలాంతర్గాములకు ఉపయోగించారు. మరమ్మతుల అనంతరం 1985లో తిరిగి సేవలలో చేరినది. 31 సంవత్సరాల సేవలో సుమారు 73,500 నాటికల్ మైళ్ళు (1,36,100 కి.మీ.) ప్రయాణించిన కురుసురను 2001 ఫిబ్రవరి 27న విధుల నుండి తప్పించారు.

తీరానికి చేర్చుట

విరమించిన యుద్ధనౌకలు సాధారణంగా ఇనుప తుక్కుగా అమ్ముడవుతాయి. కురుసురను ప్రదర్శనశాలగా మార్చవలెనన్న ఆలోచన అప్పటి తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ వినోద్ పశ్రీచాది. రాష్ట్ర ప్రభుత్వం, విశాఖపట్నం పట్టణాభివృద్ధి సంస్థ (వుడా), నౌకాదళం కలిసి ఈ పనిని చేపట్టాయి.

నౌకను సముద్రం నుండి ఇసుక తీరం మీదికి లాగుట అత్యంత కష్టమైనది. రెండు వేల టన్నులకు చేరువలో ఉన్న బరువు, ఆటుపోట్లు, కూరుకుపోయే ఇసుక ప్రధాన అవరోధాలు. చివరి 600 మీటర్ల దూరానికే అత్యధిక శ్రమ, వ్యయం అయినవి. కొన్ని ప్రయత్నాలు విఫలమైనపుడు ఈ పథకాన్ని విరమించే పరిస్థితి కూడా ఏర్పడినది. చివరకు నౌకను కాంక్రీటు పునాదిపై నిలిపారు. మొత్తం పనికి సుమారు 18 నెలలు, ఐదున్నర కోట్ల రూపాయలు పట్టినవి. 2002 ఆగస్టు 9న అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు దీనిని ప్రారంభించారు. ఆగస్టు 24 నుండి ప్రజలను అనుమతించారు.

లోపలి భాగాలు

లోపల ఏడు అరలు ఉన్నాయి. మొదటి అరలో ముందువైపు టార్పెడో గొట్టాలు, టార్పెడోలు కనిపిస్తాయి. రెండవ అరలో అధికారుల గదులు, మూడవ అరలో నియంత్రణ కేంద్రం ఉన్నాయి. పెరిస్కోప్, లోతును చూపే మాపకాలు, కవాటాల వరుసలు ఈ కేంద్రంలోనివే. తరువాతి అరలలో నావికుల నివాసం, వంటగది, డీజిల్ ఇంజన్లు, విద్యుత్ మోటార్లు వరుసగా వస్తాయి. చివరి అరలో వెనుకవైపు టార్పెడో గొట్టాలు ఉన్నాయి. బ్యాటరీల స్థానం నివాసపు అరల నేల క్రింద.

సేవలలో ఉన్నపుడు సిబ్బంది పైకప్పుపై గల చిన్న గుండ్రని ద్వారాల నుండి నిచ్చెనల మీదుగా దిగేవారు. సందర్శకుల కొరకు ప్రక్క భాగాన్ని కోసి తలుపులు, మెట్లు అమర్చారు. ఒక అర నుండి మరొక అరకు ఇరుకు ద్వారాల గుండా వంగి వెళ్ళవలసి ఉంటుంది. ఏ అరలోనికైనా నీరు ప్రవేశిస్తే ఈ ద్వారాలను బిగించి మిగిలిన నౌకను కాపాడుకొంటారు. నావికుల దినచర్యను చూపుటకు అక్కడక్కడ మనిషి పరిమాణంలో బొమ్మలను ఉంచారు.

విశ్రాంత నావికుల పాత్ర

ప్రదర్శనశాల ఏర్పాటైనపుడు మార్గదర్శకులుగా ఆరుగురు, పర్యవేక్షకునిగా ఒకరు నియమితులైనారు. వీరు నౌకాదళంలో పనిచేసి విరమించినవారు. యంత్రం పేరు, కొలత ఫలకం మీద వ్రాయవచ్చు. కాని మంచినీటిని పొదుపుగా వాడుకొనుట, ఒకే పడకను వంతులవారీగా పంచుకొనుట, పగలు-రాత్రి తేడా తెలియకుండా విధులు నిర్వహించుట వంటి విషయాలను అటువంటి జీవితం గడిపినవారు చెప్పినపుడే వినేవారికి స్పష్టమవుతాయి. ఏ కవాటం ఎందుకు ఉన్నదో, దానిని తిప్పుటలో పొరబడితే ఏమి జరుగుతుందో చేతితో చూపి చెప్పగలిగేది వారే. ఈ తరగతి జలాంతర్గాములు 2010లో ఐ.ఎన్.ఎస్. వాగ్లీ విరమణతో భారత నౌకాదళం నుండి పూర్తిగా నిష్క్రమించాయి. కావున వీటిని నడిపిన అనుభవం గలవారి సంఖ్య ఇక పెరిగేది కాదు. వారి వివరణలు ఈ నౌక చరిత్రలో భాగమే.

నౌకాదళం కూడా ఈ నౌకతో అనుబంధాన్ని కొనసాగించినది. ప్రత్యేక సందర్భాలలో రంగురంగుల జెండాలతో నౌకను అలంకరించే గౌరవం సాధారణంగా సేవలలో ఉన్న నౌకలకే దక్కుతుంది. విరమించిన తరువాత కూడా కురుసుర ఈ గౌరవాన్ని పొందినది.

పరిరక్షణ

సముద్రపు ఉప్పుగాలి ఉక్కును నిరంతరం తుప్పు పట్టిస్తుంది. నీటిలో తేలే నౌకను మరమ్మతు కొరకు డాక్‌కు తరలించవచ్చు. తీరంపై నిలిపిన కురుసురకు ఆ అవకాశం లేదు. పలకలు మార్చుట, రంగులు వేయుట అన్నీ ఉన్నచోటనే జరగవలెను. 2014 అక్టోబర్ 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ తుపాను తరువాత కూడా నౌక తన స్థానంలోనే నిలిచినది. నిర్వహణ బాధ్యత వుడాది కాగా, 2018లో ఆ సంస్థ విశాఖపట్నం మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థగా మారినది.

ఇటువంటి నౌకలను నిలుపుకొనుట ఎంత కష్టమో ఇతర ఉదాహరణలు తెలుపుతాయి. 1971 యుద్ధంలో బంగాళాఖాతంలో ప్రముఖ పాత్ర వహించిన విమానవాహక నౌక ఐ.ఎన్.ఎస్. విక్రాంత్ ముంబైలో కొంతకాలం ప్రదర్శనశాలగా ఉండి, చివరకు 2014లో తుక్కుగా మార్చుటకు తరలిపోయినది. వాగ్లీని తమిళనాడులోని మామల్లపురంలో ప్రదర్శించవలెనన్న ప్రయత్నం ఫలించలేదు. అమెరికాలోని శాన్ డియాగోలో ప్రదర్శనకు ఉంచిన ఇదే తరగతి సోవియట్ జలాంతర్గామి బి-39ను 2022లో తుక్కు కొరకు తొలగించారు. మరొక వైపు, ఖుక్రీని ముంచిన హంగోర్‌ను పాకిస్తాన్ కరాచీలో ప్రదర్శనకు ఉంచినది.

సందర్శన

రామకృష్ణా బీచ్ రోడ్డుపై ఉన్న ఈ ప్రదర్శనశాలకు నగరంలోని అన్ని ప్రాంతాల నుండి సులభంగా చేరవచ్చు. సోమవారం సెలవు. లోపల మార్గం ఇరుకైనందున సందర్శకులను చిన్న బృందాలుగా పంపుతారు. సమీపంలో 1971 యుద్ధ స్మారకమైన 'విక్టరీ ఎట్ సీ' స్థూపం (1996), 2017లో ప్రారంభమైన టి.యు.-142 విమాన ప్రదర్శనశాల కలవు.