ప్యాకేజీ వెనక్కి వచ్చిందంటే

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లా రెండుగా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. బళ్ళారి, సిరుగుప్ప, హోస్పేట ప్రాంతాలు మైసూరు రాష్ట్రంలో చేరాయి. అప్పటి నుంచి బళ్ళారిలో తెలుగు ఇంటి భాషగా, బజారు భాషగా బలంగానే నిలిచింది. బడికీ కచేరీకీ మాత్రం కన్నడమే. రాష్ట్రం కన్నడ రాష్ట్రం కాబట్టి అది సహజం. కానీ దాని పర్యవసానం ఒకటుంది. కంప్యూటర్లో తెలుగు అక్షరం కావాలంటే ఇక్కడి తెలుగువారికి ఏ ప్రభుత్వ శాఖా తెచ్చి చేతిలో పెట్టదు. ఆ సరిహద్దును లెక్కచెయ్యని చోటు ఒకటుంది, అది లినక్స్ ప్యాకేజీల భాండారం. డెబియన్ అనే లినక్స్ పంపిణీలో 'ఫాంట్స్-తెలుగువిజయం' అనే ప్యాకేజీ ఉంది. కాలిఫోర్నియా కేంద్రంగా పనిచేసే సిలికానాంధ్ర వెలువరించిన తెలుగు ఫాంట్లు అందులో ఉన్నాయి. వాటి పేర్లు చూడండి: శ్రీకృష్ణదేవరాయ, పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ. 2021లో విజయనగర జిల్లా విడిపోయేదాకా రాయల రాజధాని హంపి బళ్ళారి జిల్లాలోనిదే. ఆ రాయల పేరూ, ఆయన కొలువు కవుల పేర్లూ మోస్తున్న అక్షరాలు ఒక్క ఆదేశంతో బళ్ళారిలోనూ ఆదోనిలోనూ ఒకేలా దిగుతాయి. కన్నడ ఫాంట్లు గుబ్బి, నవిలు కూడా అదే భాండారంలో పక్కపక్కనే ఉన్నాయి.

ఇవి వాటంతట అవి అక్కడికి చేరలేదు. ఎవరో ఒకరు ఫాంటునో, కీబోర్డు అమరికనో, నిఘంటువునో ప్యాకేజీగా కట్టి, అప్‌లోడ్ చేసి, పరీక్షకు నిలబెట్టాలి. ఆ పనికి పూనుకున్న కొత్తవారిలో చాలామందికి మొదటిసారి ఎదురయ్యేది తిరస్కరణే. అప్‌లోడ్ వెనక్కి వస్తుంది, లేదా ఏ కబురూ లేకుండా మాయమైపోతుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. తమ పని నాసిగా ఉందనో, పరాయివాళ్లు తమను రానివ్వడం లేదనో అనుకుంటారు. నా వాదన వేరు. తిరస్కరణల్లో అధిక భాగానికి సాఫ్ట్‌వేర్ మంచిచెడ్డలతో పనిలేదు. గుమ్మం దగ్గర అడిగేవి మూడు ప్రశ్నలు: పంపింది ఎవరు, పంపామని చెప్పిందీ పంపిందీ ఒకటేనా, దాన్ని పంచిపెట్టే హక్కు ఎక్కడి నుంచి వచ్చింది. మొదటి రెండూ యంత్రం అడుగుతుంది, మూడోది మనిషి అడుగుతాడు. ఏ ప్రశ్న దగ్గర ఆగామో గుర్తుపడితే సగం పని అయినట్టే. తెలుగు సరుకు ఎక్కువగా చిక్కుకునేది మూడో ప్రశ్న దగ్గర. మనం అందరికన్నా తక్కువ శ్రద్ధ పెట్టేది కూడా దాని మీదే.

మొదటి ప్రశ్న సంగతి త్వరగానే తేలుతుంది. డెబియన్‌లోకి వెళ్లే ప్రతి అప్‌లోడ్ మీదా జీపీజీ సంతకం ఉండాలి, ఆ సంతకం తాళంచెవి డెబియన్ ఎరిగినదై ఉండాలి. కొత్తవారికి నేరుగా అప్‌లోడ్ చేసే హక్కు ఉండదు. వారు మెంటర్స్ అనే చోట ప్యాకేజీ పెట్టి, హక్కున్న డెవలపర్ ఒకరిని తమ తరఫున సంతకం చెయ్యమని కోరాలి. ఇక్కడ జనాన్ని బాగా తికమక పెట్టేది మౌనం. సంతకం గుర్తుతెలియనిదైతే యంత్రం ఉత్తరం కూడా రాయదు, ఎవరికి రాయాలో దానికి తెలియదు గనక. కాబట్టి అప్‌లోడ్ చేశాక ఏ కబురూ రాకపోతే ముందు అనుమానించాల్సింది తాళంచెవినే. దాని గడువు తీరిందా, నమోదైన తాళంచెవితోనే సంతకం చేశామా, ఈమెయిలు చిరునామా సరిపోతోందా అని చూసుకోవాలి. గడువు పొడిగించినా చాలదు, ఆ పొడిగింపు డెబియన్ తాళంచెవుల కట్టలోకి చేరేదాకా ఆగాలి. ఆర్చ్ లినక్స్ వాడేవారి భాండారం ఏయూఆర్‌లో జీపీజీ బదులు ఎస్ఎస్‌హెచ్ తాళంచెవి ఉంటుంది. అనుమతి లేదన్న జవాబు వస్తే ఖాతాలో పెట్టిన తాళంచెవీ, మన యంత్రం చూపిస్తున్న తాళంచెవీ వేరువేరన్నమాటే.

రెండో ప్రశ్న దగ్గర కాస్త నిలవాలి. డెబియన్ అప్‌లోడ్‌తో పాటు వెళ్లే చిట్టాలో ప్రతి ఫైలు పరిమాణం, దాని చెక్‌సమ్ ఉంటాయి. సంతకం చేశాక ఒక ఫైలులో ఒక్క అక్షరం దిద్దినా లెక్క తప్పుతుంది, తిరస్కరణ వస్తుంది. ఇంతవరకూ ఎవరికైనా అర్థమవుతుంది. అర్థంకాకుండా వేధించేది మూల ఆర్కైవు వ్యవహారం. అదే పేరుతో ఫైలు ఇప్పటికే ఉంది, లోపలి సరుకు వేరుగా ఉంది అంటూ కబురు వస్తుంది. పంపినవాడు తెల్లబోతాడు, లోపల ఉన్నవి అవే ఫైళ్లు గదా! నిజమే, ఫైళ్లు అవే. కానీ ఆర్కైవును తన యంత్రంలో మళ్లీ కట్టాడు, కట్టిన సమయం కూడా అందులో నమోదవుతుంది, దాంతో బైట్లు మారిపోయాయి. మందు తేలిక: తాను కట్టింది పక్కన పెట్టి, భాండారంలో ఇప్పటికే ఉన్న ఆర్కైవును దించుకుని దాని మీదే పని చెయ్యాలి. వెర్షన్ సంఖ్యల చిక్కూ ఈ కోవదే. ఒకసారి లోపలికి వెళ్లిన 1.0-1 అనే సంఖ్య మళ్లీ పనికిరాదు, చిన్న దిద్దుబాటైనా 1.0-2 కావాలి. ఫాంటు కర్త మొదట 2012.1 అని తేదీ లెక్కన పేరుపెట్టి, తర్వాత 1.1 అని మామూలు లెక్కకు దిగాడనుకోండి. యంత్రం దృష్టిలో కొత్తది పాతదానికన్నా చిన్నది, కాబట్టి తోసిపుచ్చుతుంది. అప్పుడు సంఖ్య ముందు '1:' అని చేర్చాలి. కొత్త ప్యాకేజీ మొదటిసారి వెళ్లేటప్పుడు తయారైన బైనరీ కూడా వెంట ఉండాలి. ఆ తర్వాతి అప్‌లోడ్‌లు టెస్టింగ్ అనే పరీక్షా శాఖలోకి చేరాలంటే సోర్స్ మాత్రమే పంపాలి. ఒకటో మెట్టు మీద చెల్లిన పద్ధతి రెండో మెట్టు మీద చెల్లదని ముందే తెలిస్తే ఎంతో చికాకు తప్పుతుంది.

ఏయూఆర్‌లో తంతు మరోలా ఉంటుంది. అక్కడ పంపేది ఫాంటును కాదు, ఫాంటును ఎక్కడి నుంచి తెచ్చి ఎలా పెట్టాలో చెప్పే పీకేజీబిల్డ్ అనే చిన్న ఫైలును. తెలుగు ఫాంటు ఫైలునే అందులో కుక్కితే 250 కిలోబైట్ల పరిమితి దాటి వెనక్కి వచ్చే అవకాశం ఎక్కువ. పంపేది గిట్ అనే మార్పుల నమోదు సాధనంతో, అదీ మాస్టర్ అనే శాఖకే పంపాలి. కొన్ని యంత్రాల్లో మొదటి శాఖకు మెయిన్ అనే పేరు పెట్టేలా గిట్ అమర్చి ఉంటుంది, ఆ పేరుతో పంపితే ఒప్పుకోదు. పీకేజీబిల్డ్ సారాంశాన్ని చెప్పే 'డాట్ ఎస్ఆర్‌సీఇన్ఫో' ఫైలు లేకపోయినా ఒప్పుకోదు. ఆ ఫైలు చేర్చి మరో కమిట్ వేసినా అదే జవాబు వచ్చినప్పుడు కొత్తవారు విసిగిపోతారు. గుమ్మం చివరి కమిట్‌ను మాత్రమే చూడదు, చరిత్రలోని ప్రతి కమిట్‌నూ చూస్తుంది. ఫైలు లేని పాత కమిట్ అలాగే ఉంటే దాన్ని వెనక్కి వెళ్లి దిద్దాలి, లేదా చరిత్రను కొత్తగా మొదలుపెట్టాలి. కబురులో ఏ కమిట్ పేరు ఉందో చూస్తే ఇది క్షణంలో తెలిసిపోతుంది, కానీ ఆ వరుస చదివేవారు తక్కువ.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక సాయంత్రంలో నేర్చుకోదగినవి. మూడో ప్రశ్న అలాంటిది కాదు. డెబియన్‌కు కొత్తగా వచ్చే ప్రతి ప్యాకేజీ 'న్యూ' అనే వరుసలో నిలబడుతుంది. డెబియన్ స్వచ్ఛంద బృందం ఒకటి దాన్ని విప్పి, ప్రతి ఫైలుకూ కర్త ఎవరు, ఏ లైసెన్సు అనేది కాపీరైట్ ఫైలులో సరిగా ఉందో లేదో చూస్తుంది. స్థలం రిజిస్ట్రేషన్‌కు వెళ్తే లింకు డాక్యుమెంట్లు అడగడం లాంటిదే ఇది: అమ్మేవాడు మంచివాడా కాదా అన్నది ప్రశ్న కాదు, ఆ హక్కు అతనికి ఎవరి నుంచి వచ్చిందన్నదే ప్రశ్న. తెలుగువారం తడబడేది ఇక్కడే. దశాబ్దాలుగా డీటీపీ కేంద్రాల్లో నడిచినవి అను, శ్రీలిపి లాంటి సొంత హక్కుల ఫాంట్లు. ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి ఫాంటు పంచుకోవడం మనకు మామూలు మర్యాదగా అలవాటైంది. 'ఉచితం' అని జిప్ ఫైలు మీద రాస్తే చాలనుకుంటాం. డబ్బు తీసుకోకుండా ఇవ్వడం వేరు, మార్చుకోవడానికీ తిరిగి పంచడానికీ రాతపూర్వకంగా అనుమతివ్వడం వేరు. 1997 నుంచి డెబియన్ పాటిస్తున్న మార్గదర్శకాల ప్రకారం, వ్యాపారానికి వాడకూడదన్న ఒక్క షరతు చాలు ప్యాకేజీ ప్రధాన భాగంలోకి రాకుండా పోవడానికి.

ఇంకా సూక్ష్మమైన చిక్కొకటి ఉంది. ప్రతి ఫాంటు ఫైలు లోపలా పేర్ల పట్టిక ఉంటుంది. కాపీరైట్, లైసెన్సు వివరాలకు అందులో గదులుంటాయి. బయట రీడ్‌మీలో ఓపెన్ ఫాంట్ లైసెన్సు అని ఉండి, లోపలి పట్టికలో సర్వహక్కులూ మావే అని ఉంటే పరిశీలకుడు దేన్ని నమ్మాలి? ఫాంట్‌ఫోర్జ్ అనే ఫాంటు ఎడిటర్‌లో తెరిచి ఆ పట్టిక చూసుకోవడానికి ఎంతో సేపు పట్టదు. సిలికానాంధ్ర ఈ పని సరిగా చేసింది. తన ఫాంట్లను ఓపెన్ ఫాంట్ లైసెన్సు 1.1 కింద, 2012 సంవత్సరం, హక్కుదారు పేరు, రిజర్వు చేసిన ఫాంటు పేరు అన్నీ రాసి విడుదల చేసింది. అందుకే అవి డెబియన్‌లోకీ వెళ్లాయి, గూగుల్ ఫాంట్స్‌లోకీ వెళ్లాయి. ఒకటి మాత్రం మరచిపోకూడదు: పేరు రిజర్వు అయి ఉంటుంది గనక, పెద్దన ఫాంటులో ఎవరైనా వత్తులు సరిచేసి పంచాలనుకుంటే దాన్ని పెద్దన అని పిలవకూడదు, కొత్త పేరు పెట్టాలి. మంచి ఉద్దేశంతో చేసిన దిద్దుబాటు కూడా పేరు దగ్గర ఆగిపోవచ్చు.

ఇంత తతంగం ఎందుకు, ఒక డ్రైవ్ లింకు పెడితే అందరూ దించుకుంటారు కదా అని అడగవచ్చు. దించుకుంటారు. అయితే ఆ లింకులో ఉన్నది కర్త పెట్టిందేనని ఎవరు చెప్పాలి? గుమ్మం పలచగా ఉంటే ఏమవుతుందో ఏయూఆరే చూపించింది. అక్కడ పంపిన సరుకును ముందుగా మనిషి చదవడు. 2018 జూలైలో, యజమాని వదిలేసిన ఆక్రోరీడ్ అనే ప్యాకేజీని ఎవరో దత్తత తీసుకుని హానికర ఆదేశాలు చేర్చారు. 2025 జూలైలో ఫైర్‌ఫాక్స్ దిద్దుబాటు అన్న పేరుతోనూ, మరి రెండు బ్రౌజర్ల పేర్లతోనూ వచ్చిన ప్యాకేజీల్లో, యంత్రాన్ని దూరం నుంచి నడిపించే దొంగ ప్రోగ్రాం బయటపడింది. జూలై 18న వాటిని తీసేశారు. ఆ ప్యాకేజీలు రూపంలో నిబంధనలన్నీ పాటించాయి. మొదటి రెండు ప్రశ్నలకు సరైన జవాబు చెప్పినంత మాత్రాన సరుకు మంచిదైపోదని దీన్నిబట్టి తెలుస్తుంది.

దీనికి గట్టి ఎదురుప్రశ్న ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 2024 మార్చి 29న బయటపడిన, ఎక్స్‌జెడ్ అనే ఫైళ్ల కుదింపు సాధనం ఉదంతంలో దొంగ సరుకు పెట్టింది ఆ ప్రాజెక్టు నిర్వాహకుల్లో ఒకరే. సంతకం సరైనదే, చెక్‌సమ్ సరిపోయింది, లైసెన్సు బాగుంది, 5.6.0, 5.6.1 వెర్షన్లు డెబియన్ గుమ్మం దాటి లోపలికి వెళ్లాయి. అయితే ఈ తనిఖీలన్నీ దండగేనా? కాదనే నా అభిప్రాయం. ఆ వెర్షన్లు డెబియన్ పరీక్షా శాఖల దాకా వచ్చాయి గాని జనం వాడే స్థిర శాఖలోకి చేరలేదు. దొంగతనానికి కీలకమైన ముక్క విడుదల చేసిన ఆర్కైవులో ఉంది, గిట్‌లోని సోర్సులో లేదు. అంటే చెప్పిందీ పంపిందీ ఒకటేనా అన్న ప్రశ్నను ఆర్కైవుకూ గిట్‌కూ మధ్య కూడా అడగాల్సింది. ఆ ఉదంతం తనిఖీ చాలలేదని చెప్పింది, తనిఖీ తగ్గించమని చెప్పలేదు.

ఆలస్యం గురించిన ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే. న్యూ వరుసలో ప్యాకేజీ ఒక్కోసారి రోజుల్లో తేలుతుంది, ఒక్కోసారి నెలలు పడుతుంది. జీతం లేని కొద్దిమంది వేల ఫైళ్లు చదవాలి కాబట్టి అలా జరుగుతుందని తెలిసినా, చదువు ముగిసేలోపు ప్యాకేజీ లోపలికి వెళ్లని విద్యార్థికి అది ఊరట కాదు. కబుర్లన్నీ ఇంగ్లీషులో ఉండటం మరో అడ్డు. సిరుగుప్పలో కన్నడ మాధ్యమంలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికి అది మూడో భాష. డెబియన్ తిరస్కరణ ఉత్తరం చివర, అర్థంకాకపోతే జవాబు రాయండి అన్న మాట ఉంటుంది. అది మర్యాదకు రాసింది కాదు, నిజంగా రాయవచ్చు. ఇంగ్లీషు తప్పులు ఉన్నాయని ఎవరూ ప్యాకేజీని తోసిపుచ్చరు. అయినా ఈ రెండు అడ్డంకులూ తగ్గించగలిగింది బయటివాళ్లు కాదు. ముందే లింటియన్ అనే తనిఖీ సాధనంతో పరీక్షించి, లైసెన్సు చిట్టా పూర్తిచేసి పంపిన ప్యాకేజీ మళ్లీ అదే వరుస చివర నిలబడే అవసరం తగ్గుతుంది.

అందుకే రెండు విన్నపాలు. తెలుగు ఫాంటో, పదకోశమో, కీబోర్డో తయారుచేసినవారు విడుదల చేసే జిప్‌లో లైసెన్సు పూర్తి పాఠాన్ని, కర్త పేరును, సంవత్సరాన్ని రాసి పెట్టండి. ఫాంటు లోపలి పట్టికలోనూ అదే రాయండి. ఇక బళ్ళారిలో రాయల పేరే మోస్తున్న విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 2010 నుంచి ఉంది, ఇంజనీరింగ్ కాలేజీలూ ఉన్నాయి. కన్నడ, తెలుగు రెండూ వచ్చిన విద్యార్థులు ఇంతమంది ఒకేచోట దొరికే ఊళ్లు అరుదు. అక్కడి అధ్యాపకులు చివరి ఏడాది ప్రాజెక్టుల్లో ఒక్కటైనా ఇలా కేటాయించండి: రెండు లిపుల్లో ఏదో ఒకదానికి పనికొచ్చే ప్యాకేజీ కట్టించి, పంపించి, అది వెనక్కి వస్తే ఆ ఉత్తరాన్ని తరగతిలో అందరి ముందూ చదివించి, దిద్దించి మళ్లీ పంపించండి.