గోడ మీది యుద్ధం

యుద్ధం ముగిసిన పిమ్మట ఆయుధాలు కొట్లకు, బ్రతికినవారు ఇండ్లకు, మరణించినవారు మట్టికి చేరుకుంటారు. చిత్రాలు మాత్రం గోడకెక్కుతాయి. తరువాతి తరాలవారు ఆ పటాలను చూచి యుద్ధం ఎట్టిదో తెలుసుకొన్నామని భావిస్తారు. అయితే గోడ ఏ చిత్రానికి చోటిచ్చినదో, దేనిని దించివేసినదో కూడ విచారించినప్పుడు గాని ఆ ఎరుక పూర్తి కాదు. మొదటి ప్రపంచ సంగ్రామంలోని కందకాల పోరును గురించిన రెండు చిత్రాల చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనం.

1914 చివరినాటికి ఉత్తర సముద్రం మొదలుకొని స్విట్జర్లండు సరిహద్దు వరకు ఇరుపక్షాల సేనలు కందకాలు త్రవ్వుకొని ఎదురెదురుగా నిలిచినవి. నడుమ ముళ్లతీగలు, ఆవల మరతుపాకులు, వెనుక ఫిరంగులు. కందకం విడిచి పైకి లేచినవాడు శత్రువుకు నిలువెత్తు గురి. ఫ్రాన్సు ఉత్తర భాగంలోని పల్లపు నేలలలో కొద్దిలోతు త్రవ్వగానే నీరు ఊరేది. అక్కడ ఇసుక బస్తాలు పేర్చి, వాని చాటున సైనికులు తలదాచుకొనవలసి వచ్చినది.

అట్టి చోటనే, ర్యూ ద్యు బ్వా అనే బాట ప్రక్కన, 1915 మే 8వ తేదీ సాయంకాలం ఐర్లండుకు చెందిన మన్‌స్టర్ దళం ఒకటి ఆగినది. మరునాడు దాడి. ఆ దళపు మతగురువు ఫాదర్ ఫ్రాన్సిస్ గ్లీసన్ గుఱ్ఱం మీదనే ఉండి, చేయెత్తి, సైనికులందరికీ పాపవిమోచనం ప్రసాదించినాడు. మరునాటి ఆబేర్ రిడ్జి పోరాటంలో ఆ దళాధిపతి విక్టర్ రికర్డ్ నేలకొరిగినాడు. ఆ ఒక్కరోజున మృతులు, క్షతగాత్రులు, జాడ తెలియనివారు కలిసి బ్రిటిషు పక్షాన పదకొండు వేలకు మించినారు.

రికర్డ్ భార్య జెస్సీ రికర్డ్ రచయిత్రి. ఆమె ప్రోద్బలంతో ఫార్చునినో మటానియా ఆ సాయంకాలాన్ని చిత్రించినాడు. ఆయన నేపుల్స్‌లో జన్మించి, లండనులో 'ది స్ఫియర్' అనే సచిత్ర వారపత్రికకు పనిచేసిన చిత్రకారుడు. ఆ ఘట్టాన్ని ఆయన కన్నులారా చూడలేదు. చూచినవారు చెప్పగా విని గీసినాడు. టోపీలు తీసి తలలు వంచిన సైనికులు, బాట ప్రక్కన చిన్న ప్రార్థనామందిరం, గుఱ్ఱంపై గురువు: ఇంతే చిత్రం. 1916లో అది పత్రికలో వెలువడగానే ఐర్లండులో ఎన్నో ఇండ్లవారు దానికి పటం కట్టించి గోడకు వ్రేలాడదీసుకొన్నారు. మూలచిత్రం రెండవ ప్రపంచ యుద్ధకాలపు బాంబుదాడులలో నశించినా, అచ్చు ప్రతులు నిలిచినవి.

రెండవ చిత్రం జర్మను చిత్రకారుడు ఆటో డిక్స్ గీసినది. మటానియావలె విని గీసినవాడు కాడు. స్వయంగా మరతుపాకి పట్టి కందకాలలో కాలం గడిపినవాడు. 1923లో పూర్తయిన ఆ చిత్రం పేరు 'కందకం'. ఫిరంగుల మోత ఆగిన తరువాతి వేకువ అది. ఛిద్రమైన శరీరాలు, కూలిన దుంగలు, పైన ఇనుపకమ్ములకు గ్రుచ్చుకొని వ్రేలాడుతున్న శవం. కొలోన్ నగరంలోని ఒక మ్యూజియం దానిని కొని, చూపరులు తట్టుకొనలేరని తెర చాటున ఉంచినది. విమర్శలు చెలరేగగా 1925లో తిరిగి వర్తకునికే ఇచ్చివేసినది. తరువాత డ్రెస్డెన్ నగరం కొన్నది. 1933లో నాజీలు అధికారానికి వచ్చి డిక్స్ ఆచార్య పదవిని ఊడబెరికినారు. 1937లో మ్యూనిక్‌లో 'భ్రష్టకళ' అనే పేర ఏర్పరచిన ప్రదర్శనలో ఈ చిత్రాన్ని నవ్వులపాలు చేయజూచినారు. అటుపిమ్మట అది ఏమైనదో తెలియదు. నలుపు తెలుపు ఛాయాచిత్రాలే మిగిలినవి.

ఒకటి పోరుకు ముందటి సాయంకాలం. మరొకటి పోరు ముగిసిన వేకువ. గోడలు సాయంకాలాన్ని ఆదరించి, వేకువను వెళ్లగొట్టినవి. ఇందులో ఆశ్చర్యపడదగినది లేదు. కన్నకొడుకును పోగొట్టుకొన్న తల్లికి ప్రతిదినమూ చూడగల చిత్రం కావాలి. తలవంచి ప్రార్థించే కొడుకును ఆమె చూడగలదు, ఇనుపకమ్మికి వ్రేలాడేవానిని చూడలేదు. మటానియా చిత్రం అబద్ధం కాదు. కాని ఇంటి గోడకు ఉన్న హక్కు మ్యూజియం గోడకు, పాఠశాల గోడకు లేదు. ఇల్లు దుఃఖాన్ని ఉపశమింపజేయడానికి, విద్యాలయం సత్యాన్ని ఎరిగించడానికి. తెరచాటున ఉంచిన వేకువను ఆ జాతి తిరిగి పదిహేనేండ్లకే కన్నులారా చూడవలసి వచ్చినది.

ఈ కథలో భారతీయులకూ భాగం ఉన్నది. ఆ మే 9వ తేదీన మన్‌స్టర్ దళం పోరాడిన చోటికి చేరువలోనే గూర్ఖాలు, డోగ్రాలు మొదలైన వారితో కూడిన మీరట్ డివిజను కూడ దాడికి లేచినది. అదే ర్యూ ద్యు బ్వా బాట ప్రక్కన, న్యూవ్ షపెల్ వద్ద, 1927లో భారత సైనికుల స్మారకం ఆవిష్కరింపబడినది. వలయాకారపు గోడ, ఒకవైపు జాలీపని, పద్మం దాల్చిన స్తంభం. సమాధి దొరకని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు ఆ గోడ మీద చెక్కబడి ఉన్నవి. అక్కడ సాయంకాలమూ లేదు, వేకువా లేదు; పేర్లు మాత్రమే ఉన్నవి.

చరిత్ర పాఠంలో కందకాల చిత్రం ఎదురైనప్పుడు ఉపాధ్యాయుడు ఒక ప్రశ్న అడుగవచ్చును: ఇది దాడికి ముందటిదా, తరువాతిదా? ముందటిదైతే, తరువాత ఏమి జరిగినదో విద్యార్థి తానే వెదకి తెచ్చి తరగతిలో వినిపించాలి. అప్పుడు ఆ పటంలో తలలు వంచి నిలుచున్నవారు ఎవరి కొడుకులో ఆ పిల్లవానికి తెలిసివస్తుంది.