చిన్న విమానం, పెద్ద బ్యాగు

పిల్లలూ! ఇండియా వెళ్ళేటప్పుడు మీలో చాలామంది రెండు మూడు విమానాలు మారతారు కదా. అమెరికాలో బెంటన్‌విల్, బ్లూమింగ్టన్ లాంటి ఊళ్ళలో ఉండేవాళ్ళకైతే మొదటి విమానం తరచుగా చిన్నదే వస్తుంది. డాలస్‌కో షికాగోకో తీసుకెళ్ళి మిమ్మల్ని పెద్ద విమానం దగ్గర దింపుతుంది. ఇలాంటి చిన్న జెట్ విమానాలను రీజనల్ జెట్లు అంటారు. ఎక్కగానే నాన్న తల వంచుకుంటారు, అమ్మ బ్యాగు పైన పట్టదు. ఎందుకో చూద్దాం.

పైన ఆకాశంలో గాలి చాలా పలచగా ఉంటుంది. మనం ఊపిరి తీసుకోవడానికి విమానం లోపల గాలిని ఒత్తిడితో నింపుతారు. బెలూన్‌లో లాగా ఆ గాలి గోడలను బయటికి తోస్తూ ఉంటుంది. విమానం పెట్టెలాగా ఉంటే మూలల దగ్గర బరువంతా పడి పగుళ్ళు రావచ్చు. గుండ్రంగా ఉంటే ఆ ఒత్తిడి చుట్టూ సమానంగా పడుతుంది. అందుకే చిన్నదైనా పెద్దదైనా విమానం గొట్టంలాగే ఉంటుంది.

ఇప్పుడు వంటింట్లోకి వెళ్ళి సొరకాయ ముక్కనీ మునక్కాడ ముక్కనీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ గుండ్రమే. కానీ సొరకాయ గోడ నెమ్మదిగా వంగుతుంది, మునక్కాడ గోడ గబుక్కున వంగిపోతుంది. బోయింగ్ 777 విమానం సొరకాయ లాంటిది, దాని వెడల్పు సుమారు 6.2 మీటర్లు. సీఆర్‌జే 200 మునక్కాడ, సుమారు 2.7 మీటర్లే. 777లో కిటికీ పక్కన కూర్చుంటే గోడ దాదాపు నిటారుగా ఉంటుంది. సీఆర్‌జేలో అదే గోడ మీ భుజం మీదికి, తల మీదికి వాలి వస్తుంది. నడవాలో నిలబడితే ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. పొడుగు మావయ్యలు జాగ్రత్త!

సీఆర్‌జే మొదట కెనడాలో తయారైన ఒక బిజినెస్ జెట్. కొద్దిమంది కూర్చునే ఆ విమానాన్నే పొడుగు సాగదీసి 50 సీట్లు పెట్టారు. కిటికీలు కిందికి ఉంటాయి. బయటికి చూడాలంటే పెద్దవాళ్ళు మెడ వంచాలి, మీకైతే అంత ఇబ్బంది ఉండదు. ఇంజన్లు తోక దగ్గర ఉంటాయి కాబట్టి వెనక సీట్లలో హోరు ఎక్కువ.

విమానం చిన్నదైతే సీటు కూడా చిన్నదే అనుకోకండి. బ్రెజిల్‌లో తయారయ్యే ఎంబ్రాయర్ 175లో సీటు వెడల్పు సుమారు 18 అంగుళాలు. బోయింగ్ 737లో సుమారు 17. పైగా ఎంబ్రాయర్‌లో నడవాకి అటు రెండు, ఇటు రెండు సీట్లే, మధ్య సీటు గొడవే లేదు. నన్నడిగితే గంటన్నర ప్రయాణానికి ఇదే మంచి విమానం. ఎంబ్రాయర్ 145లో ఇంకో తమాషా ఉంది. ఒక వైపు రెండు సీట్లు, రెండో వైపు ఒక్కటే. ఆ ఒంటరి సీటు దొరికితే కిటికీ మీదే, నడవా మీదే!

కాబట్టి అసలు చిక్కు సీటుతో కాదు, తలపైన సామాను అరతో. గోడ అంతలా వంగాక పైన అరకి చోటెక్కడ మిగులుతుంది? అమెరికాలో అమెరికన్, డెల్టా, యునైటెడ్ సంస్థలు చేతి బ్యాగుకు 22 అంగుళాల పొడవు, 14 వెడల్పు, 9 మందం అనుమతిస్తాయి. ఆ కొలతల చక్రాల బ్యాగు 777లో హాయిగా పడుతుంది. సీఆర్‌జే 200 అరలో పట్టదు. అందుకని గేటు దగ్గరే బ్యాగుకి ట్యాగు కట్టి, కింద సామాన్ల గదిలో పెడతారు.

ఇక్కడే మీతో పని పడుతుంది. అమ్మమ్మగారో తాతగారో మీతో ప్రయాణం చేస్తున్నారనుకోండి. గేటు దగ్గర ఉద్యోగి ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పి బ్యాగు తీసుకుంటారు. అందులో ఆవిడ బీపీ మాత్రలు, పాస్‌పోర్టు, ఫోన్ చార్జ్ చేసుకునే పవర్ బ్యాంక్ ఉండిపోతే? ఆవిడకి విషయం అర్థమయ్యేలోపు బ్యాగు వెళ్ళిపోతుంది. అప్పుడు మీరు ఇలా చెప్పాలి: "అమ్మమ్మా, పైన చోటు లేదట, బ్యాగు కింద పెడతారట. మందులూ పాస్‌పోర్టూ తీసి నా బ్యాగులో పెట్టనా?" ఇన్సులిన్ ఉంటే అది తప్పకుండా చేతిలోనే ఉండాలి, కింద చలికి గడ్డకట్టిందంటే పనికిరాదు. ఆ ఉద్యోగిని కూడా ఒక మాట అడగండి: బ్యాగు విమానం దిగగానే తలుపు దగ్గరే ఇస్తారా, లేక చివరి ఊళ్ళోనా? రెండు పద్ధతులూ ఉన్నాయి. చివరి ఊరంటే మధ్యలో స్వెట్టర్ కావాలన్నా దొరకదు.

పవర్ బ్యాంక్ మాత్రం ఎవరిదైనా సరే, బయటికి తీయాల్సిందే. ఇది అమెరికా విమానయాన నియమం. లిథియం బ్యాటరీ ఒక్కోసారి బాగా వేడెక్కి మంట పుట్టిస్తుంది. మన మధ్య ఉంటే పొగ కనబడుతుంది, సిబ్బంది నీళ్ళు పోసి చల్లారుస్తారు. కింద సామాన్ల మధ్య ఉంటే చూసేదెవరు?

ఇక హైదరాబాద్ చేరాక రాజమండ్రికో కడపకో వెళ్ళాలంటే ఇంకో చిన్న విమానం ఎక్కవచ్చు. దాని పేరు ఏటీఆర్ 72. అది రీజనల్ జెట్ కాదు, రెక్కలకి ప్రొపెల్లర్లు తిరుగుతుంటాయి. మెట్లెక్కి వెనక తలుపులోంచి లోపలికి వెళ్తారు. ఇండియా లోపలి ప్రయాణాల్లో సాధారణంగా చేతి బ్యాగు 7 కిలోలు దాటకూడదు. అమెరికాలో బ్యాగు కొలతే ఎక్కువగా చూస్తారు, ఇక్కడ తూకం కూడా చూస్తారు. పుస్తకాలతో నింపిన చిన్న బ్యాగు కూడా దొరికిపోతుందన్నమాట.

మీరే చేయండి: మీ ఇంట్లో పవర్ బ్యాంక్ వెనక చిన్న అక్షరాలు చదవండి. 20,000 మిల్లీ ఆంపియర్ అవర్ అని ఉంటే దాన్ని 1,000తో భాగించి, 3.7తో గుణించండి. 74 వాట్ అవర్ వస్తుంది. 100 వరకూ చేతి బ్యాగులో తీసుకెళ్ళవచ్చు, దాటితే విమాన సంస్థని ముందే అడగాలి. మీ ఇంట్లోదానికి ఎంత వచ్చింది? లెక్క రాసి, అది ఏ బ్యాగులో ఉండాలో, ఎందుకో ఇంట్లో పెద్దవాళ్ళకి తెలుగులో చెప్పండి.