గిన్నెలో గెలిచి, కడుపు దాటి

ప్రయోగశాల గిన్నెలో క్యాన్సర్ కణాలను చంపడం గొప్ప పనేమీ కాదు. బ్లీచింగ్ పౌడర్ నీళ్లు పోసినా చస్తాయి. పక్కనున్న మంచి కణాలు బతికాయా లేదా అన్నదగ్గరే మందు సత్తా తేలేది.

అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో బ్రయాన్ డ్రూకర్ అనే డాక్టరు 1990ల్లో వెతికింది ఇదే. జబ్బు పేరు క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా, ఒక రకం బ్లడ్ క్యాన్సర్. ఇందులో 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారై బీసీఆర్-ఏబీఎల్ అనే వింత ప్రొటీన్ పుడుతుంది. ఎవరో నొక్కిపట్టి వదలని కాలింగ్ బెల్లులా, తెల్ల కణాలను పెరగమని అది పోరుతూనే ఉంటుంది. దాని నోరు మూయించే రసాయనాలను స్విట్జర్లాండ్ కంపెనీ సీబా-గైగీలో నికొలస్ లైడన్ బృందం తయారుచేసింది.

రోగుల రక్తం నుంచి, మూలుగ నుంచి తీసిన కణాలను పోషక పదార్థంలో పెంచితే ఒక్కో కణం ఒక్కో గుంపు కడుతుంది. ఇక సూక్ష్మదర్శిని ముందు కూర్చుని గుంపులు లెక్కపెట్టాలి. ఓపిక కావాల్సిన పని! మందు కలిపిన గిన్నెల్లో జబ్బు గుంపులు 92 నుంచి 98 శాతం తగ్గాయి. మామూలు కణాల గుంపులు మాత్రం చెక్కుచెదరలేదు. 1996లో ఈ ఫలితం అచ్చయింది.

అయితే గిన్నెలో మందు నేరుగా కణం మీద పడుతుంది. మింగిన మాత్రకు ఆ సుఖం లేదు. కడుపులో కరగాలి, పేగు గోడ దాటాలి, కాలేయం విరగ్గొట్టగా మిగిలినది రక్తంలో చాలినంత ఉండాలి. మొదట్లో ఈ రసాయనాలు నీళ్లలో సరిగా కరిగేవి కావు. మిథైల్ పిపరజైన్ అనే తోక తగిలించాకే దారికొచ్చాయి. బెల్లును రోజంతా ఆపి ఉంచాలి కనుక, ఇంట్లోనే వేసుకునే మాత్ర అయితేనే రోగికి తేలిక.

1998లో మనుషులపై పరీక్షలు మొదలయ్యాయి. రోజుకు 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలు స్థితికొచ్చింది. 2001 మేలో అమెరికా అనుమతి దొరికింది. ఆ మాత్రే ఇమాటినిబ్.

మన దేశంలో సీబా-గైగీ విలీనంతో ఏర్పడ్డ నోవార్టిస్ కంపెనీ అమ్మే ఇమాటినిబ్ బ్రాండు గ్లివెక్ నెల ఖర్చు లక్ష రూపాయలు దాటేది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా అదే మందును ‘వీనాట్’ పేరుతో అందులో చిన్న వంతుకే అమ్మింది. పేటెంట్ గొడవ సుప్రీంకోర్టుకెక్కింది. 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ ఓడిపోయింది.