గుండెల్లో మంటకు ఆపరేషన్ అయితే ఆరు వారాల జీతం సంగతి

డ్యూటీ దిగి, లేటుగా కడుపునిండా తిని, వెంటనే మంచమెక్కుతాం. కాసేపటికి గుండెల్లో మంట, నోట్లోకి పుల్లటి నీళ్లు. గ్యాసేలే అని ఈనో తాగి పడుకుంటాం. వారాల తరబడి ఇదే వరసైతే వర్కర్స్ హెల్త్ సెంటర్‌లో చూపించుకోండి. హయాటల్ హెర్నియా కావచ్చు.

ఛాతీకీ పొట్టకీ మధ్య ఒక కండరం అడ్డుగోడలా ఉంటుంది. అన్నవాహిక అందులోని రంధ్రం గుండా దిగుతుంది. ఆ రంధ్రం వదులైతే కడుపు పైభాగం ఛాతీలోకి జారుతుంది, యాసిడ్ ఎగదన్నుతుంది. గజ్జల్లో వచ్చే హెర్నియాలా బయటికి ఉబ్బి కనపడదు.

చాలామందికి మందులతో, తిన్నాక రెండు మూడు గంటలు ఆగి పడుకుంటే అదుపులో ఉంటుంది. మందులకు లొంగకపోయినా, కడుపు మరీ పైకి జారినా ఆపరేషన్ అంటారు. చిన్న చిన్న గాట్లు పెట్టి, కెమెరాతో చూస్తూ కడుపును కిందికి లాగి, రంధ్రాన్ని కుట్లతో బిగిస్తారు. కడుపు పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ మఫ్లర్‌లా చుట్టి కుడతారు. మామూలుగా రెండు మూడు రోజుల్లో పంపించేస్తారు.

చిక్కంతా ఆ తర్వాతే. పైగాట్లు చిన్నవి కాబట్టి పది రోజులకే మనిషి బాగైపోయినట్టు కనపడతాడు. ఫోర్‌మన్‌కీ అలాగే కనపడతాడు! లోపలి కుట్లు గట్టిపడటానికి మాత్రం వారాలు పడుతుంది. అందుకే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు బరువులెత్తొద్దంటారు. తొందరపడి సిమెంటు బస్తా ఎత్తితే కడుపు మళ్లీ పైకి జారొచ్చు. రెండోసారి ఆపరేషన్ మొదటిదానికంటే కష్టం.

జీతం పోతుందని భయపడి ముందే పనిలోకి వెళ్లకండి. 2004 నాటి 14వ నంబరు లేబర్ చట్టం ప్రకారం, మూడు నెలల సర్వీసు దాటి, డాక్టరు సర్టిఫికెట్ ఉంటే, ఏడాదిలో రెండు వారాల సిక్ లీవుకు పూర్తి జీతం, ఆపై నాలుగు వారాలకు సగం జీతం ఇవ్వాలి. కలిపితే ఆరు వారాలే కదా. ఆ ఏడాది ముందే వాడుకున్న రోజులు ఇందులోంచి పోతాయి. లీవులో ఉండగా పనిలోంచి తీసేస్తున్నామని నోటీసు ఇవ్వకూడదు. ఇంటికి పంపే డబ్బు మాత్రం ముందే లెక్క వేసుకోండి, సగం జీతం నెల వస్తుంది.

డాక్టరు నోటి మాట కంపెనీలో చెల్లదు. ఎన్ని వారాలు లీవు, ఎన్నాళ్లు బరువులెత్తకూడదు అనేది డిశ్చార్జ్ కాగితం మీదే రాయించుకుని, ఫోటో తీసి ఇంటికి వాట్సాప్ చేయండి.

ఇళ్లలో పనిచేసే అక్కలకు 2017 నాటి 15వ నంబరు చట్టం వేరుగా ఉంది. పనిలో ఉండగా జబ్బు చేస్తే వైద్యం, మందుల ఖర్చు మీ మీద వేయకూడదు. సిక్ లీవులో పని చెప్పకూడదు. నీళ్ల బకెట్లు, కార్పెట్లు మోయడం కూడా బరువులెత్తడమే అని యజమానికి చెప్పండి.

కాదంటే కార్మిక మంత్రిత్వ శాఖలో ఫిర్యాదు చేయండి. మాట రాకపోతే ఇండియన్ ఎంబసీ కింద ఉన్న ఐసీబీఎఫ్ వాళ్లను కలవండి.

ఛాతీ బిగేసి, చెమటలు పట్టి, నొప్పి చేతిలోకి పాకుతుంటే అది గ్యాస్ అనుకోవద్దు. వెంటనే 999కి ఫోన్ చేయండి.