పాలు, హాలు, ఒక జర్మన్ పండితుడు



మా పావగడ తాలూకా కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు చెందినది. మ్యాపులో చూస్తే మాత్రం మూడు వైపులా ఆంధ్రప్రదేశే. చాలా ఇళ్ళలో మాట తెలుగు, బడిలో పాఠం కన్నడం. కొత్తగా బడిలో చేరిన పిల్లవాడు 'హాలు' అనవలసిన చోట 'పాలు' అంటే తోటిపిల్లలు నవ్వుతారు. అమ్మ నేర్పిన మాట తప్పేమోనని వాడికి అనుమానం వస్తుంది. ఆ అనుమానం తీర్చే పుస్తకం ఒకటి ఉంది. దాన్ని రాసినవారు తెలుగువారూ కారు, కన్నడిగులూ కారు. ఆయన జర్మనీ దేశస్థులు, పేరు ఫెర్డినాండ్ కిట్టెల్.

ఆయన పని విలువ తెలియాలంటే ముందు జర్మనీలో భాషల చదువు ఎలా సాగిందో చూడాలి. బాన్ విశ్వవిద్యాలయంలో ఫ్రీడ్రిష్ డీట్జ్ అనే ఆచార్యులు ఉండేవారు. ఫ్రెంచి, ఇటాలియన్, స్పానిష్ వంటి భాషలన్నీ లాటిన్ బిడ్డలే. వాటిని పక్కపక్కన పెట్టి పోల్చి, ఆయన 1836 నుంచి 1844 దాకా మూడు సంపుటాల వ్యాకరణం ప్రచురించారు. లాటిన్‌లో పిండిని 'ఫరీనా' అంటారు. స్పానిష్‌లో ఆ 'ఫ' కాస్తా 'హ' అయింది. తర్వాత ఆ 'హ'ను కూడా పలకడం మానేశారు. మాట మారడం తప్పు కాదు, దానికీ ఒక క్రమం ఉంది. ఈ చదువు చెప్పిన ముఖ్యమైన సంగతి ఇదే.

డీట్జ్ గారి పదవ్యుత్పత్తి నిఘంటువు 1853లో వెలువడింది. సరిగ్గా ఆ ఏడే, ఇరవై ఒక్క ఏళ్ళ కిట్టెల్ బాసెల్ మిషన్ తరఫున మన దేశానికి వచ్చారు. ఆయన 1832లో ఉత్తర జర్మనీలో ఒక పాదరీ ఇంట పుట్టారు. ధార్వాడ, మంగళూరు, మడికేరి ప్రాంతాల్లో ఉంటూ కన్నడం నేర్చారు. నేర్చి ఊరుకోలేదు. కేశిరాజు వ్యాకరణం 'శబ్దమణిదర్పణం'ను 1872లో, నాగవర్మ ఛందోగ్రంథాన్ని 1875లో పరిష్కరించి అచ్చు వేయించారు. మతప్రచారం కన్నా భాష మీదే ఎక్కువ మనసు పెట్టారన్న అసంతృప్తి మిషన్‌లోనే కొందరికి ఉండేది. అయినా ఆయన పట్టు వదలలేదు.

దాదాపు ఇరవై ఏళ్ళ శ్రమ తర్వాత 1894లో మంగళూరులో ఆయన కన్నడ-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. అందులో సుమారు 70,000 మాటలున్నాయి. కావ్యాల మాటలే కాదు, జనం నోట నలిగే సామెతలకూ అందులో చోటిచ్చారు. అంతకంటే మనకు ముఖ్యమైనది మరొకటి. కన్నడ మాట పక్కనే తమిళం, తెలుగు, మలయాళం, తుళు భాషల్లోని దాని చుట్టాలను కూడా చూపించారు.

ఇప్పుడు మన పిల్లవాడి దగ్గరికి వద్దాం. పాత కన్నడంలోనూ పాలు 'పాలే'. పదో శతాబ్దం తర్వాత క్రమంగా మాట మొదటి 'ప' కన్నడంలో 'హ' అయింది. పులి 'హులి' అయింది, పంది 'హంది' అయింది, పువ్వు 'హూవు' అయింది. పాత మైసూరు పల్లెల్లో 'హాలు'ను 'ఆలు' అనేవాళ్ళూ ఉన్నారు. స్పానిష్ పిండి నడిచిన దారి కూడా ఇదే కదా!

అలాగని పాత రూపాలన్నీ తెలుగే దాచిందనుకోకూడదు. కన్నడంలో 'కివి' మన దగ్గర 'చెవి' అయింది, 'కెరె' మనకు 'చెరువు' అయింది. ఇక్కడ పాత 'క' కన్నడంలో నిలిచింది, మారింది తెలుగే. కరవు సీమలో కెరె నిండినా చెరువు నిండినా నీళ్ళు ఒకటే కదా.

1896లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం కిట్టెల్‌ను గౌరవ డాక్టరేటుతో సత్కరించింది. ఆయన కన్నడ వ్యాకరణం 1903లో వెలువడింది. ఆ సంవత్సరం డిసెంబరులోనే ఆయన కన్నుమూశారు.

పావగడలో తల్లులకూ, పంతుళ్ళకూ నా మనవి ఒక్కటే. ఈసారి పిల్లవాడు 'పాలు' అంటే నవ్వి ఊరుకోకండి. హాలు, పాలు రెండూ ఒక తల్లి బిడ్డలని చెప్పండి. వాడికి కన్నడమూ తొందరగా వస్తుంది, అమ్మ మాట మీద గౌరవమూ నిలుస్తుంది.